అట్టమీద పేరు ఎవరిది?

మన కళాశాలల్లో మాధ్యమాల అధ్యయనమనే పాఠ్యవిషయం చోటు చేసుకొని కొన్నేళ్ళయింది. పాటల వీడియోలను, ఆల్బముల అట్టలను పరిశీలించి వ్యాసం రాయడం, ఆ తరువాత తామే ఒక పాటకు అట్టా వీడియో తయారుచేసి చూపడం అందులో విద్యార్థులు చేయవలసిన పనులు. తెలుగు సాహిత్యం చదువుకొని విశాఖపట్నంలో తెలుగు చెప్పుకొంటున్న నాబోటివారికి కూడా ఈ పాఠం చెప్పవలసిన అవసరం అప్పుడప్పుడు వస్తున్నది. పాట వుంది గనుక తెలుగువాళ్ళు చూసుకుంటారులే అని కాబోలు. ఈ ఏర్పాటు మీద నాకు ఫిర్యాదు లేదు. పాట మీద మాట్లాడే అవకాశం ఎక్కడ దొరికినా వదులుకోకూడదు. నా ఆక్షేపణ అల్లా ఆ పాఠం చెప్పే పద్ధతి మీద.

ముందుగా మన మిత్రుల మాట చూద్దాం. అభ్యుదయ సాహిత్యంతో సంబంధమున్న కొందరు పెద్దలు ఈ ప్రసంగం ఎత్తగానే పెదవి విరుస్తారు. సినిమా పాటలూ, వాటి రంగురంగుల అట్టలూ బజారు సరుకు, వాటి మీద విమర్శ ఏమిటని వారి ఉద్దేశం. బజారు సరుకే, కాదనను. అయితే సరుకును పరిశీలించడం మనకు తగని పనెప్పుడయింది? తయారు చేసిన చేయి సరుకులో ఎలా మరుగున పడుతుందో చూపడమే మార్క్సు చేసిన పనుల్లో ఒకటి. ఆ పనిని బొగ్గు, బట్టల విషయంలో ఒప్పుకొని, పాట దగ్గరికి వచ్చేసరికి ముక్కు మూసుకోవడం సబబు కాదు. రోజూ లక్షలమంది చూసేదాన్ని విమర్శకుడు చూడనంటే నష్టపోయేది విమర్శే.

ఇకపోతే పాఠ్యప్రణాళిక. ఇందులో ఎక్కువగా వాడే చట్రం ఆండ్రూ గుడ్విన్ అనే విమర్శకుని గ్రంథం నుంచి వచ్చింది. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎం.టి.వి. మొదలైన దరిమిలా వచ్చిన వీడియోలను పరిశీలించి ఆయన 1992లో ఆ గ్రంథం ప్రచురించాడు. తరగతి గదికి చేరేసరికి అది ఆరు సూత్రాలుగా కుదించుకుపోయింది. పాట ఏ తరహాదో ఆ తరహా లక్షణాలు వీడియోలో కనిపిస్తాయి. మాటలకు దృశ్యానికి సంబంధం వుంటుంది: దృశ్యం మాటను అనుసరించవచ్చు, పెంచవచ్చు, విభేదించవచ్చు. సంగీతానికి దృశ్యానికి కూడా అలాంటి సంబంధమే వుంటుంది. గాయకుని ముఖాన్ని దగ్గరగా చూపవలసిందని రికార్డు కంపెనీ కోరుతుంది. చూడటమనే చర్యకు, ముఖ్యంగా స్త్రీ శరీరాన్ని చూడటానికి, అందులో ప్రాధాన్యం వుంటుంది. ఇతర సినిమాలను, చిత్రాలను గుర్తుచేసే ఛాయలుంటాయి. విద్యార్థి ఈ ఆరింటినీ ఒక వీడియోకు అన్వయించి చూపితే మార్కులు వస్తాయి.

సూత్రాలు పనికిమాలినవని కాదు. నాలుగోదాన్ని గమనించండి. ముఖం దగ్గరగా ఎందుకు కనబడుతుందో అది దాపరికం లేకుండా చెబుతున్నది. కంపెనీ కోరింది గనుక. అయితే ఈ సూత్రం పాడేవాడూ కనబడేవాడూ ఒకడే అయిన దేశంలో పుట్టింది. మన దగ్గర నేపథ్యగానం వేళ్ళూనిన నాటి నుంచి పాడేవారు వేరు, పెదవి కదిపేవారు వేరు. తెలుగు పాట వీడియోలో కెమెరా ఏ ముఖం దగ్గరికి పోతుందో ఆ ముఖం పాడినది కాదు, రాసినదీ కాదు, బాణీ కట్టినదీ కాదు. కనుక గుడ్విన్‌ను అనువదించి ఊరుకుంటే చాలదు. మన పాటకు ఒక ప్రశ్న అదనంగా వేసుకోవాలి: ఇందులో పనిచేసినవాళ్ళెవరు, వాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి?

ఈ ప్రశ్నకు చరిత్ర వుంది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి మన దేశపు పాటలను రికార్డు చేశాడు. ఆనాడు పాడిన గౌహర్ జాన్ పాట ముగియగానే తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పుకొన్నది. ఆ మాట ఈనాటికీ ఆ రికార్డులలో వినిపిస్తుంది. అది కళాకారిణి ఆత్మగౌరవ ప్రకటన అని చాలామంది మురిసిపోతారు. అసలు సంగతి ఇంకొకటి. ఇక్కడ తీసిన మూలపు పలకలను జర్మనీలోని హానోవరుకు పంపి అక్కడ ప్లేట్లు పోసేవారు. అక్కడి పనివారికి ఏ పలక ఎవరిదో తెలియాలి గదా! అందుకని పేరు చెప్పించారు. అంటే పాటలో గాయని పేరు మొదట చేరింది కార్ఖానా సౌకర్యం కోసం. 1908లో కలకత్తాలోనే ప్లేట్ల కార్ఖానా పెట్టాక, లేబులు మీద పేరు అచ్చువేయడం స్థిరపడ్డాక, పేరు చెప్పించే ఆ ఆచారం మెల్లగా పోయింది. అయినప్పటికీ కార్ఖానా అవసరం కోసం పలికించిన ఆ పేరే ఆమెను మనకు మిగిల్చింది. పేరు ఎందుకు పెట్టారన్నది ఒక ప్రశ్న. పెట్టిన పేరు ఏమి చేసిందన్నది వేరొక ప్రశ్న. విమర్శకుడు రెండింటినీ అడగాలి.

ఆ ప్లేటు మధ్య లేబులును కూడా చూడండి. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు వేసిన కుక్కబొమ్మను 1899లో కంపెనీ కొన్నది. యజమాని గొంతు వింటున్న కుక్క అది. మన ఇళ్ళల్లో కంపెనీని ఆ బొమ్మతోనే గుర్తుపట్టేవారు. పాడినవారి బొమ్మ లేదు, విధేయంగా వినేవాడి బొమ్మ వుంది. దాని కింద చిన్న అక్షరాలలో పద్యమో కీర్తనో, పాడినవారి పేరూ వుండేవి. ఇక ఆ ప్లేటు దేనితో చేసేవారు? లక్కతో. ఆ లక్కకు ప్రపంచంలో ముఖ్యమైన వనరు మన దేశం. ఛోటానాగపూరు ప్రాంతాల్లో చెట్ల కొమ్మల నుంచి దాన్ని ఒలిచి తెచ్చినవారు ఆదివాసులు. వారి పేరు ఏ లేబులు మీదా లేదు, వుండాలని ఎవరూ అనుకోలేదు కూడా. అట్ట కథ గాయకునితో మొదలు కాదు, అడవిలో మొదలవుతుంది.

అమెరికాలో 1930ల చివరిదాకా ప్లేట్లను గోధుమరంగు కాగితపు సంచుల్లోనే అమ్మేవారు. కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువకుడు అట్టమీద బొమ్మ వేస్తే అమ్మకం పెరుగుతుందని చూపించాక ఆల్బము అట్ట ఒక కళగా ఎదిగింది. మనకు ఆ పని కొంతవరకు వేరొక వస్తువు చేసింది: సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం. చవక కాగితం, పైన నాయికా నాయకుల బొమ్మ, లోపల సగం కథ. ఆ కథను ఉత్కంఠగా ఆపి మిగిలినది వెండితెర మీద చూడమనేవారు. ఆ తరువాత పాటలు. చదువు అంతంతమాత్రంగా వున్న ఎందరో ఆ పుస్తకాన్ని పట్టుకొని పాట నేర్చుకున్నారు. ఈనాడు యూట్యూబులో సినిమాకు ముందుగా వదిలే లిరికల్ వీడియో అచ్చంగా ఆ పాటల పుస్తకానికి మనుమరాలు. పాట వినిపిస్తుండగా అక్షరాలు తెరమీద ఎగురుతూ, పేలుతూ, మెరుస్తూ వస్తాయి. తెలుగు మాట ఇంత పెద్ద అక్షరాలతో ఇంతమంది కళ్ళబడిన కాలం ఇంకొకటి లేదేమో. కాని ఆ మాటలు రాసిన మనిషి పేరు మొదట్లో ఒక క్షణం మెరిసి మాయమవుతుంది, లేదా వీడియో కింద వివరాల్లో ఎక్కడో వుంటుంది. మాటకు మహా వైభవం, మాట రాసినవాడికి మూల గది!

ఈ రెంటికీ నడుమ క్యాసెట్టు కాలం వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో ప్రవేశపెట్టిన ఈ చిన్న పెట్టె 1980లలో మన దేశమంతటా అల్లుకుపోయింది. దీని ప్రభావాన్ని ఉత్తరాదిలో పరిశీలించి పీటర్ మాన్యుయెల్ 1993లో ఒక గ్రంథమే రాశాడు. క్యాసెట్టు చేయడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు గనుక పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం సడలి, జానపదాలూ భక్తిపాటలూ ఉద్యమగీతాలూ స్థానికంగా బయటికి వచ్చాయని ఆయన చూపాడు. మన అనుభవం కూడా దీనికి దూరం కాదు. క్యాసెట్టు లోపలి కాగితంలో మనం గమనించవలసిన గుణం వేరే ఒకటి వుంది. ఎ వైపు, బి వైపు అని విడదీసి, ఒక్కొక్క పాట ఎదుట పాడినవారి పేరు అచ్చువేసేవారు. ఘంటసాల పాడిందేదో, సుశీల పాడిందేదో, బాలసుబ్రహ్మణ్యం పాడిందేదో ఆ కాగితం చూసి తేల్చుకునేవాళ్ళం. కాగితం అరచేతిలో సగం కూడా లేదు. అయినా అందులో పేర్లకు చోటు చాలింది. కాబట్టి ఈనాడు తెరమీద చోటు చాలక పేర్లు వేయలేదనే మాట చెల్లదు.

ఇక్కడ చట్టం ఏమంటున్నదో తెలుసుకోవడం అవసరం. మన కాపీరైటు చట్టంలో 52ఎ అనే సెక్షను వుంది, 1984 సవరణతో చేరింది. ప్లేటు, క్యాసెట్టు ఏదైనా సరే, దానిమీదా దాని అట్టమీదా మూడు సంగతులు తప్పక వుండాలని అది ఆదేశిస్తున్నది: రికార్డింగు చేయించినవారి పేరూ చిరునామా, హక్కుదారు పేరూ చిరునామా, మొదట ప్రచురించిన సంవత్సరం. ఇంతే. పాడినవారి పేరు గాని, రాసినవారి పేరు గాని ఆ జాబితాలో లేవు. దొంగ క్యాసెట్లను అరికట్టడానికి పుట్టిన సెక్షను అది. ఆస్తిని కాపాడటానికి ఆస్తిపరుని చిరునామా చాలునని శాసనకర్తలు అనుకొన్నారు. విద్యార్థులకు వలయంలో సి అక్షరం తెలుసు. వలయంలో పి అక్షరం చాలామందికి తెలియదు. 1961లో రోములో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలో చెప్పిన గుర్తు అది. ఆ ధ్వనిముద్రణ ఎవరి సొత్తో తెలుపుతుంది. అట్టమీది బొమ్మ రంగుల మీద నాలుగు పేజీలు రాసే విద్యార్థి ఆ పి అక్షరం పక్కనున్న పేరును చదవకుండా వదిలితే అతడు అట్టను సగమే చదివినట్టు.

సరే, రచయిత తెలిసిన పాటల సంగతి ఇది. రచయిత తెలియని జానపదం మాటేమిటి? 2020లో వచ్చిన పలాస 1978 చిత్రంలో నక్కిలీసు గొలుసు పాట మన ఉత్తరాంధ్ర జానపదాన్ని ఆధారం చేసుకొన్నదే. మరుసటి సంవత్సరం లవ్ స్టోరీ చిత్రంలోని సారంగదరియా పాట వచ్చింది. సుద్దాల అశోక్‌తేజ జానపదపు పల్లవిని తీసుకొని చరణాలు రాశారు, మంగ్లి పాడారు, సాయిపల్లవి నర్తించారు. ఆ జానపదాన్ని అంతకుముందే టెలివిజన్ కార్యక్రమంలో పాడిన కోమలి అనే గాయని తన ఊసు లేదేమని అడగడంతో పెద్ద చర్చ జరిగింది. జానపదం అందరిదీ, ఒక్కరిది కాదు అనే వాదం వచ్చింది. అది నిజమే. కాని అందరిదీ అయినదానిని ఒక కంపెనీ రికార్డు చేయగానే ఆ రికార్డు ఒక్కరిదవుతున్నది గదా! ఊరుమ్మడి చెరువులో నీళ్ళు అందరివే. సీసాలో పట్టి ముద్ర వేశాక ఆ సీసా అందరిదీ కాదు. జానపదానికి కర్త లేడనే మాట పల్లెలో ఒక అర్థం, అట్టమీద మరొక అర్థం ఇస్తుంది. పల్లెలో దాని అర్థం ఎవరైనా పాడుకోవచ్చునని. అట్టమీద దాని అర్థం ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదని. పాటను తరాల తరబడి నోట నిలిపినవారు, ఊరూరా తిరిగి సేకరించినవారు, వేదిక మీద మొదట పాడినవారు కర్తలు కాకపోవచ్చు. కాని వారి శ్రమ శ్రమ కాకపోదు. ఫలానా ఊళ్ళో ఫలానావారి దగ్గర విన్న పాట అని ఒక్క వాక్యం అట్టమీద వేస్తే సినిమాకు వచ్చే నష్టమేమిటి?

ఇంతదాకా బజారును విమర్శించాం. మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. మన ఉద్యమాల్లో కూడా పేరు లేని పాటలు చాలా వున్నాయి. ప్రజానాట్యమండలి కాలంనుంచి ప్రజల పాట అనే ఒక్క మాటతో సరిపెట్టుకొన్న సందర్భాలు లేకపోలేదు. నిర్బంధకాలంలో పేరు చెప్పడం ప్రమాదం. అప్పుడు పేరు దాచడం త్యాగం. గుమ్మడి విఠల్‌రావు తన పేరు వెనక్కి నెట్టి గదర్ పార్టీ పేరును గద్దర్‌గా ధరించడం తాను కోరి చేసినది. కోరి వదులుకొన్న పేరును, లాగివేసిన పేరును ఒకే గాట కట్టకూడదు. అయితే నిర్బంధం తొలగిన తరువాత కూడా అలవాటుకొద్దీ పేర్లు వేయకపోతే మనకూ కంపెనీకీ ఆ విషయంలో తేడా తగ్గిపోతుంది. మన సభల కరపత్రాల్లో అధ్యక్షుల పేర్లు లావు అక్షరాల్లో, డప్పు వాయించేవారి పేర్లు కళాబృందం అనే గంపగుత్త మాటలో వుండటం నేను చాలా చూశాను.

ఈ సందర్భంలో మన ఊరితో సంబంధమున్న ఇద్దరిని తలచుకోవాలి. మొదటివాడు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి, 1972లో జననాట్యమండలి ఏర్పడటంలో పాలుపంచుకొని, 2020 ఆగస్టు 4న కన్నుమూశాడు. యంత్రం ఎలా నడుస్తుందో ఆయన పాట కట్టాడంటే అది యంత్రం పక్కన నిలబడిన మనిషి జ్ఞానం. వేదిక మీద తీసిన ఆయన పాటల దృశ్యాలు ఇప్పటికీ చూడవచ్చు. కాలికి గజ్జెలు, భుజాన గొంగడి, ఎదుట జనం. అక్కడ కెమెరా ఎవరి ముఖం దగ్గరికి పోయినా అది పాడేవాడి ముఖమే. పాట కట్టినవాడూ వాడే. గుడ్విన్ సూత్రం మన దగ్గర సరిగా వర్తించేది, విచిత్రంగా, ఏ కంపెనీ ముఖాన్ని దగ్గరగా చూపమని కోరని ఈ వీడియోకే!

రెండవవాడు శ్రీశ్రీ. విశాఖలో 1910లో పుట్టిన ఈ మహాకవి సినిమాలకు వందల పాటలు రాశాడు. అల్లూరి సీతారామరాజు చిత్రంలో రాసిన పాటకు జాతీయ బహుమతి కూడా వచ్చింది. ఆ పాటల పుస్తకాల మీద, ప్లేట్ల మీద ఆయన పేరు చాలామంది పేర్లలో ఒక పేరు. 1981లో లండనులో గూటాల కృష్ణమూర్తి విదేశాంధ్ర ప్రచురణల పక్షాన మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ స్వదస్తూరీలో అచ్చువేసి, కవి గొంతుతో చదివిన క్యాసెట్టును జతపరిచాడు. 1950లో తొలిసారి పుస్తకమైన కావ్యం అది. నా దృష్టిలో తెలుగులో వచ్చిన గొప్ప ఆల్బము రూపకల్పన ఇదే. దస్తూరీ, గొంతు, మాట మూడూ ఒకే మనిషివి. నడుమ మరొకరి ముఖం లేదు. అలంకారం కవిని కప్పలేదు, చూపించింది. ఆల్బము రూపకల్పన పాఠానికి ఉదాహరణలు వెతుక్కుంటూ లండను కంపెనీల అట్టలు తిరగేసే విద్యార్థులకు, అదే లండనులో అచ్చయిన విశాఖ కవి పుస్తకం సంగతి ఎవరైనా చెప్పాలి.

విశాఖ అంటే గుర్తొచ్చింది. ఈ ఊరు కెమెరాలకు ఇష్టమైన ఊరు. 1978లో మరో చరిత్ర నాటినుంచి మన సముద్రతీరం పాటలకు తెరగా నిలుస్తూనే వుంది. ఈనాడు విద్యార్థులు తీసే వీడియోలో సైతం డ్రోను పైకెగిరి డాల్ఫిన్స్‌నోసు కొండనూ, ఓడరేవు క్రేన్లనూ, రామకృష్ణా బీచి దీపాలనూ చూపిస్తుంది. ఎంత పైకెగిరితే అంత అందం, అంత మనిషి లేనితనం. 1933లో తెరిచిన రేవు అది; ఆ క్రేను కింద ఇప్పటికీ మూడు షిఫ్టులు నడుస్తున్నాయి. 1966 ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పిస్తే వచ్చిన కర్మాగారం ఈ ఊళ్ళోనే వుంది. దాన్ని ప్రైవేటుపరం చేస్తామని 2021 జనవరిలో ప్రకటించినప్పుడు కార్మికులు కూర్మన్నపాలెంలో దీక్షలకు కూర్చున్నారు. ఊరిని తెరగా వాడుకొని ఊళ్ళో మనిషిని చూపని వీడియోకు, జానపదం పల్లవి తీసుకొని పల్లెను చెప్పని అట్టకు మూలం ఒకటే. శ్రమను దృశ్యం చేయడం, శ్రామికుణ్ణి దాచడం.

కనుక పాఠం చెప్పేవారికి నా సూచనలు కొన్ని. ఆరు సూత్రాలకు ముందు విద్యార్థి చేత మూడు పనులు చేయించాలి. మొదటిది, అట్టమీదా వీడియోలోనూ వున్న పేర్లన్నీ అవి కనిపించే వరుసలో, అక్షరాల పరిమాణంతో సహా రాయించాలి. లేని పేర్లు ఏవో వెతికించాలి. రెండవది, హక్కుదారు ఎవరో, ఆ హక్కు ఎలా వచ్చిందో చదివించాలి. మూడవది, దృశ్యంలో కనిపిస్తున్న పనీ పనివారూ ఎవరో అడగాలి. నేను మా తరగతిలో ఇళ్ళల్లో మిగిలిన పాత క్యాసెట్టు కాగితాలు తెమ్మని ఈ పని చేయించినప్పుడు, రంగులూ అక్షరాల అందం గురించి అలవోకగా రాసే పిల్లలు మొదట తడబడ్డారు. తరువాత వాళ్ళంతట వాళ్ళే తబలా ఎవరు, కోరసు ఎవరు అని అడగసాగారు. విమర్శకు అదే మొదటి మెట్టు. ఇక స్వయంగా వీడియో తీసే పని ఇచ్చినప్పుడు తప్పెటగుళ్ళో, జముకుల కథో, జాలరిపేట పాటో తీసుకోమనండి. పాడినవారిని అడిగి, వారి పేరు వారు చెప్పినట్టు అట్టమీద వేయమనండి. ఆ పేరు ఎక్కడ, ఎంత పెద్దగా పెట్టాలో తేల్చుకోవడమే రూపకల్పనలో అసలైన పరీక్ష. వస్తువు, రూపం వేరుకావని మనం ఇన్నేళ్ళుగా చెబుతున్న మాటకు ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు.

దీనివల్ల ఒరిగేదేమిటని ఎవరైనా అడగవచ్చు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమా హాలులో తప్ప ఇతరత్రా పాట వాడినప్పుడు వచ్చే రాయల్టీలో గేయరచయితకూ సంగీతకర్తకూ వాటా వుంటుందని, ఆ వాటాను వారు రాసిచ్చినా చెల్లదని నిర్ణయించారు. ప్రదర్శకుడు తన పేరుతో గుర్తింపబడే హక్కును కూడా అందులో చేర్చారు. పాటల రచయితలూ సంగీతకర్తలూ పట్టుబట్టి అడగగా వచ్చిన మార్పు ఇది. మొన్న 2023లో నాటు నాటు పాటకు ఆస్కారు వచ్చినప్పుడు ప్రపంచమంతా చూసిన వీడియోలో ఇద్దరు నటులు నర్తిస్తున్నారు. బహుమతి చేత పట్టుకొన్నవారు మాత్రం బాణీ కట్టిన కీరవాణి, మాట రాసిన చంద్రబోసు. ఆ బహుమతి నియమం అలా వుంది గనుక వారి పేర్లు లోకానికి తెలిశాయి. పాడినవారికి, నృత్యం కూర్చినవారికి ఆ నియమంలో చోటు లేదు. ఎవరి పేరు పైకి రావాలో నియమం నిర్ణయిస్తుంది. నియమాలు మనుషులు చేసుకొన్నవే.

మా తరగతిలోని పిల్లల్లో కొందరు రేపు లిరికల్ వీడియోలు కూర్చే ఉద్యోగాలకు పోతారు. పేరు తెరమీద ఎన్ని క్షణాలు నిలవాలో కంప్యూటరు ముందు కూర్చొని అమర్చేది వారే. ఆ పని చేసే వారి పేర్లు కూడా చాలాసార్లు అందులో వుండవు. అందుచేత ఇది గాయకుల మీద, కవుల మీద జాలితో చెప్పవలసిన పాఠం కాదు. చదువుకునే పిల్లలు తమ పనినీ తమ పేరునూ గురించి తెలుసుకోవలసిన పాఠం. అలా చెప్పినప్పుడే మాధ్యమాల అధ్యయనం కంపెనీలకు పనివారిని తయారుచేసే శిక్షణగా మిగిలిపోక, విద్య అనిపించుకొంటుంది.